ఆదివారం సెలవు వెనక ఒక మనిషి: నారాయణ్ మేఘాజీ లోఖండే

ఆదివారం వస్తే బడికి సెలవు, ఆఫీసుకు సెలవు, ఫ్యాక్టరీకి సెలవు. ఇంగ్లిషువాళ్లు తమ చర్చి కోసం పెట్టుకున్న సెలవే మనకూ వచ్చిందని చాలామంది అనుకుంటారు. దొరల కచేరీల వరకు ఆ మాట నిజమే. మిల్లు కూలీ విషయంలో మాత్రం కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకున్న మజ్దూర్లకు ఆదివారం ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఆరేళ్ల పాటు అడిగి, వేల సంతకాలతో అర్జీలు పెట్టి, చివరికి పదివేల మంది ఒక మైదానంలో కూడితే 1890 జూన్ 10న అది దొరికింది. ఆ అడగడం వెనక నిలబడ్డ మనిషి పేరు నారాయణ్ మేఘాజీ లోఖండే.

మరాఠీలో లోఖండ్ అంటే ఇనుము. మహారాష్ట్రలో ఆయన్ని భారత కార్మికోద్యమానికి పితామహుడని పిలుస్తారు. మన వైపు ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. కానీ ఆయన కథలో మన తెలుగువాళ్లున్నారు. హిందూ ముస్లింలు ఒకరి గొంతు ఒకరు కోసుకున్న రోజుల్లో ఆయన ఎక్కడ నిలబడ్డాడో కూడా ఆ కథలోనే ఉంది. అందుకే ఆ జీవితాన్ని ఒకసారి తెలుసుకోవాలి.

ఠాణే నుంచి మాండ్వీ వరకు

లోఖండే 1848లో ఠాణేలో పుట్టాడు. వాళ్ల పెద్దల ఊరు పుణె జిల్లాలోని కన్హేర్‌సర్. కులం ఫూల్‌మాలీ, అంటే పూలతోటలు పెంచుకుని బతికేవాళ్లు. ఇంట్లో డబ్బు లేదు. ఠాణేలోనే ఇంగ్లిషు చదువు కొంతవరకు చదివాడు. ఆపై చదువుకు స్తోమత చాలలేదు. బతుకుతెరువు కోసం మొదట రైల్వేలో, తర్వాత తపాలా శాఖలో చిన్న ఉద్యోగాలు చేశాడు. ఆ తర్వాత బొంబాయి మాండ్వీలోని ఒక బట్టల మిల్లులో స్టోర్ కీపర్‌గా చేరాడు.

ఆ ఉద్యోగమే ఆయన కళ్లు తెరిపించింది. స్టోర్ కీపర్ అంటే యంత్రం ముందు నిలబడే కూలీ కాదు, గద్దె మీద కూర్చునే సేఠూ కాదు. నూనె, పట్టాలు, విడి సామాను కోసం అన్ని విభాగాల వాళ్లూ ఆయన దగ్గరికి రావాల్సిందే. ఏ యంత్రం ఎన్ని గంటలు తిరుగుతోందో, ఎవరి చేయి నలిగిందో, ఎవరికి ఎంత జుర్మానా పడిందో ఆయన రోజూ చూసేవాడు. ఆయనకు చదవడం, రాయడం వచ్చు. కూలీలకు రాదు. ఈ తేడా తన మీద ఒక బాధ్యత పెట్టిందని ఆయన గ్రహించాడు.

మిల్లులో ఒక రోజు

బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకు 1854లో పునాది వేసింది కావస్జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వ్యాపారి. పాతికేళ్లలో మిల్లుల సంఖ్య ముప్పై దాకా వచ్చింది. 1890 నాటికి సుమారు 70 మిల్లులు, 60 వేల మంది కూలీలు. కొంకణ్, సతారా, పుణె పల్లెల నుంచి కరువుకు తాళలేక వచ్చినవాళ్లే ఎక్కువ. నేత విభాగాల్లో ఉత్తరాది నుంచి వచ్చిన జులాహాలు, అంటే మోమిన్ ముస్లింలు చాలామంది ఉండేవాళ్లు. సొంత ఊళ్లో చేతి మగ్గం లాంకషైర్ బట్ట దెబ్బకు మూలపడితే, అదే చేతి పనితనం పట్టుకుని బొంబాయికి వచ్చి మిల్లు సాంచాల ముందు నిలబడ్డారు. మదన్‌పురా మొహల్లా అలా నిండింది.

అప్పట్లో మిల్లుల్లో కరెంటు దీపాలు లేవు. సూర్యుడే గడియారం. వెలుతురు రాగానే యంత్రాలు మొదలు, చీకటి పడేదాకా పని. చలికాలంలో 12 గంటలు, ఎండాకాలం వస్తే 13, 14 గంటలు. మధ్యాహ్నం ఆపేది లేదు. యంత్రం తిరుగుతుండగానే ఒకరు పని చూస్తుంటే ఇంకొకరు పక్కకు పోయి నాలుగు ముద్దలు తినాలి. దూది ధూళి అన్నంలోనూ పడేది, ఊపిరితిత్తుల్లోనూ చేరేది. దారం తెగకుండా ఉండాలని గదిలో తేమ పట్టేలా చూసేవాళ్లు. ఆ ఉక్కలో నిలబడి పనిచేయాలి.

వారానికి ఒక రోజు సెలవు అన్న లెక్క లేదు. ఏడాదిలో కొన్ని పెద్ద పండుగలకు మిల్లు మూసేవాళ్లు. ఆదివారం ఎప్పుడైనా యంత్రాలు ఆపినా, వాటిని తుడిచి శుభ్రం చేయడానికి కూలీలు రావాల్సిందే. ఆడవాళ్లూ, ఏడెనిమిదేళ్ల పిల్లలూ ఇదే వేళలకు పనిచేసేవాళ్లు.

జీతం సంగతి ఇంకా ఘోరం. ఈ నెల పని చేస్తే దాని డబ్బు వచ్చే నెల సగం దాటాక, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యంగా చేతికొచ్చేది. అప్పటిదాకా కిరాణా కొట్లో అప్పు, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు. పనిలో పెట్టేదీ తీసేదీ జాబర్ అనే మేస్త్రీ. వాడి చేయి తడపకపోతే పని ఉండదు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధన వింటూ పెరిగినవాళ్లకు ఆ కూలీల పరిస్థితి ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం ఎవరి కోసం వచ్చింది?

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. లోఖండే జీవితమంతా ఈ ముడి చుట్టూనే తిరిగింది.

మన దేశంలో ఫ్యాక్టరీ చట్టం కావాలని మొదట గట్టిగా అడిగినవాళ్లలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానులున్నారు. బొంబాయి మిల్లులు చవకగా నూలు, బట్ట తీస్తుంటే వాళ్ల సరుకుకు దెబ్బ తగులుతోంది. ఇంగ్లండులో పని గంటల మీద చట్టం ఉంది, ఇక్కడ లేదు. ఇది తమకు అన్యాయమని వాళ్ల వాదన. 1875లో లార్డ్ షాఫ్ట్‌స్‌బరీ ఈ సంగతిని బ్రిటిష్ పార్లమెంటులో లేవనెత్తాడు. ఆయనకు పిల్లల మీద నిజమైన జాలి ఉంది. కానీ ఆయన వెనక ఉన్న వ్యాపారులకు ఉన్నది లాభం లెక్క. అదే ఏడాది బొంబాయి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అందులో ఎక్కువమంది చట్టం అవసరం లేదని తేల్చేశారు.

బొంబాయిలోనే ఒక పార్సీ పెద్దమనిషి ఉండేవాడు, సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ. చిన్నపిల్లల బతుకు చూసి చలించి, 1878లో తానే ఒక బిల్లు ముసాయిదా తయారుచేశాడు. దాన్ని శాసనసభలో పెట్టడానికి బొంబాయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా ఆయన వదల్లేదు, ఇంగ్లండు పత్రికల దాకా విషయాన్ని తీసుకెళ్లాడు.

చివరికి 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. ఏడు నుంచి 12 ఏళ్ల పిల్లలతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. వాళ్లకు రోజూ ఒక గంట విశ్రాంతి, నెలకు నాలుగు సెలవులు ఇవ్వాలి. ప్రమాదం తెచ్చే యంత్రాలకు కంచె వేయాలి. అంతే. పెద్దవాళ్ల గురించి, ఆడవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. పైగా 100 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకే ఈ చట్టం. అంతకన్నా తక్కువ ఉంటే అడిగేవాడే లేడు. పిల్లల వయసు ఎంతో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఆ కొద్దిపాటి రక్షణ కూడా సరిగా అమలు కాలేదు.

దీనబంధు, తెలుగు చేతులు

ఈలోగా లోఖండే జీవితం మలుపు తిరిగింది. పుణెలో జ్యోతిరావు ఫులే 1873లో సత్యశోధక్ సమాజ్ స్థాపించాడు. కులం పేరుతో మనుషుల్ని తొక్కిపెట్టడాన్ని, చదువును కొందరి సొత్తుగా చేయడాన్ని అది ఎదిరించింది. లోఖండే అందులో చేరాడు. ఆ సమాజ్ కార్యకర్త కృష్ణరావు భాలేకర్ 1877 జనవరి 1న పుణెలో దీనబంధు అనే మరాఠీ పత్రిక మొదలుపెట్టాడు. రైతులు, కూలీల కష్టాలు రాసే పత్రికకు వ్యాపారుల ప్రకటనలు రావు, ధనవంతులు చందా కట్టరు. అప్పుల్లో పడి పత్రిక నడవడం కష్టమైంది. 1880లో దాన్ని బొంబాయికి తెచ్చి లోఖండే తన భుజాన వేసుకున్నాడు. మిల్లు ఉద్యోగం వదిలేసి పూర్తికాలం పత్రిక పనిలో దిగాడు. నెల నెలా వచ్చే జీతాన్ని వదులుకుని, ఎప్పుడు మూతపడుతుందో తెలియని పత్రికను పట్టుకోవడం అంటే సంసారం ఉన్న మనిషికి చిన్న నిర్ణయం కాదు.

ఇక్కడే తెలుగువాళ్లు కనిపిస్తారు. బొంబాయి కట్టడానికి రాళ్లు మోసిన కూలీల్లో నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది. అక్కడ వాళ్లను కామాఠీలు అనేవాళ్లు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. వాళ్లలో కొందరు కష్టపడి కాంట్రాక్టర్లుగా ఎదిగారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా యల్లప్ప లింగు, వెంకు బాలోజీ కాలేవార్ లాంటి తెలుగు పెద్దలు ఫులే ఉద్యమానికి బొంబాయిలో దన్నుగా నిలిచారు. సమాజ్‌కు సొంత అచ్చుయంత్రం సమకూర్చడంలో వాళ్ల డబ్బు ఉంది. మరాఠీ కూలీ గోడు అచ్చులోకి రావడానికి తెలుగు చేతులు సాయం పట్టాయి.

దీనబంధు మిల్లుల లోపలి సంగతులు రాసేది. ఎక్కడ జీతం ఆపారు, ఎక్కడ జుర్మానాలు కోశారు, ఎక్కడ ప్రమాదం జరిగింది అన్నీ బయటపెట్టేది. చదువు రాని కూలీలకు చదువు వచ్చిన ఒకరు బిగ్గరగా చదివి వినిపిస్తే చాలు.

ఐదు కోరికలు

1884లో బొంబాయి ప్రభుత్వం ఫ్యాక్టరీ చట్టాన్ని మళ్లీ పరిశీలించడానికి ఒక కమిషన్ వేసింది. అంతకుముందు కమిషన్ల ముందు మాట్లాడింది యజమానులు, డాక్టర్లు, అధికారులు. కూలీ గురించి అందరూ మాట్లాడారు, కూలీని మాత్రం ఎవరూ అడగలేదు. ఈసారి అలా జరగకూడదని లోఖండే పట్టుబట్టాడు. ఆ సెప్టెంబరులో పరేల్‌లో మిల్లు కూలీల సభలు పెట్టాడు. 5,500 మంది సంతకాలు, వేలిముద్రలతో ఒక అర్జీ తయారైంది. అందులో ఐదు కోరికలున్నాయి.

ఒకటి, ప్రతి ఆదివారం పూర్తిగా సెలవు. రెండు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి. మూడు, పొద్దున ఆరున్నరకు పని మొదలై సూర్యాస్తమయానికి ఆగిపోవాలి. నాలుగు, జీతం మరుసటి నెల 15వ తేదీ దాటకుండా ఇవ్వాలి. ఐదు, పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా పూర్తి జీతం, జీవితాంతం పనికి రాకుండా అవిటివాడైతే బతకడానికి తగిన ఏర్పాటు.

ఇవాళ చదివితే ఇవి ఎంత చిన్న కోరికలో అనిపిస్తుంది. జీతం పెంచమని కూడా అడగలేదు. పొద్దు మునిగాక పని ఆపమన్నారు, చేసిన పనికి డబ్బు వేళకు ఇమ్మన్నారు. మధ్యాహ్నం అరగంట అంటే కూర్చుని తినే వీలు. మదన్‌పురా జులాహాకు అది జొహర్ నమాజుకు కూడా వీలు. ఆదివారం ఖండోబా దేవుడి వారమని లోఖండే మరాఠీ కూలీలకు చెప్పేవాడు. కానీ అర్జీలో ఏ కులం పేరూ, ఏ మతం పేరూ లేదు. అలసిన ఒళ్లు ఎవరిదైనా ఒకటే అన్నట్టుగా ఉన్నాయి ఆ ఐదు కోరికలు.

ఇదే సమయంలో బొంబాయి మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పేరుతో ఒక సంఘం నడిచింది. లోఖండే దాని అధ్యక్షుడు. మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల పేరుతో ఏర్పడ్డ తొలి సంఘాల్లో అదొకటి.

రెండు నిప్పుల మధ్య

అర్జీ ఇచ్చినంత మాత్రాన పని కాలేదు. ఏళ్లు గడిచాయి. ఈలోపు లోఖండే మీద విమర్శలు మొదలయ్యాయి. అవి తెల్లదొరల నుంచే రాలేదు.

అప్పటి జాతీయ నాయకుల్లో, పత్రికల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ చట్టాలకు వ్యతిరేకం. తిలక్ నడిపిన కేసరి, మరాఠా పత్రికలు కూడా ఆ వైపే ఉన్నాయి. వాళ్ల వాదన ఇది: మన దేశంలో పరిశ్రమ ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తోంది, పని గంటలు తగ్గిస్తే ఖర్చు పెరుగుతుంది, మన మిల్లులు మూతపడతాయి, లాభపడేది లాంకషైర్. కాబట్టి చట్టం కోరడం అంటే పరాయివాడికి సాయం చేయడమే. ఈ వాదనలో పూర్తి అబద్ధం లేదు. లాంకషైర్ స్వార్థం నిజమే.

కానీ లోఖండే చూసింది ఇంకో నిజం. లాంకషైర్‌వాడు లాభం కోసం మాట్లాడుతున్నాడు సరే, మరి బొంబాయి సేఠు ఎందుకు మాట్లాడుతున్నాడు? స్వదేశీ మిల్లు అయినంత మాత్రాన 14 గంటలు నిలబడ్డ ఆడమనిషి కాళ్లు నొప్పి పుట్టవా? దేశం పేరు చెప్పి సేఠు, జాలి పేరు చెప్పి మాంచెస్టర్ వ్యాపారి, ఇద్దరూ కూలీని తమ లెక్కల పుస్తకంలో ఒక వరసగా చూస్తున్నారు. ఆ కూలీ తన కోసం తాను మాట్లాడుకోవాలి. చట్టం ఏ తలుపు నుంచి వచ్చినా సరే, అందులో కూలీకి పనికొచ్చేది ఉంటే తీసుకోవాలి. ఇదీ ఆయన పట్టిన దారి. ఇందుకు ఆయన్ని దొరల మనిషి అన్నవాళ్లున్నారు. ఆయన పట్టించుకోలేదు. ఫులే ఆయనకు అండగా ఉన్నాడు, బొంబాయికి వచ్చి కూలీల సభల్లో మాట్లాడాడు.

ఈ ఇరకాటం ఆయనొక్కడిదే కాదు. ఇంటి పెద్దల తప్పు ఎత్తి చూపితే బయటివాడికి బలం ఇచ్చినట్టవుతుందన్న భయం ఏ సమాజంలోనైనా ఉంటుంది. ఆ భయం మాటున నలిగేది మాత్రం ఇంట్లో అందరికన్నా బలహీనులే. లోఖండే ఆ బలహీనుల వైపు నిలబడ్డాడు.

మహాలక్ష్మి మైదానం

1890 ఏప్రిల్ 24. బొంబాయి మహాలక్ష్మి రేస్‌కోర్సు మైదానంలో సభ. దాదాపు పదివేల మంది మిల్లు కూలీలు వచ్చారు. గుర్రప్పందాల కోసం షావుకార్లూ దొరలూ చేరే చోట ఆ రోజు దూది ధూళి అంటిన బట్టలతో మజ్దూర్లు నిండిపోయారు. ఇద్దరు మహిళా కార్మికులు లేచి ఆ సభలో మాట్లాడారు. 1890లో, అంతమంది మగవాళ్ల ముందు, మిల్లులో పనిచేసే పేద స్త్రీలు నోరు విప్పడం మామూలు సంగతి కాదు. వారానికి ఒక రోజు సెలవు కావాలన్న అర్జీని అక్కడ ఖాయం చేసి మిల్లు యజమానుల సంఘానికి పంపారు.

ఈసారి యజమానులు కాదనలేకపోయారు. జూన్ 10న వాళ్ల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. చట్టం ఇంకా రాలేదు, పోలీసు బలం లేదు, ఒక్క రాయి పడలేదు. అయినా 60 వేల మంది కూలీల వారంలో ఒక రోజు వాళ్లదైంది.

అదే ఏడాది భారత ప్రభుత్వం కొత్త ఫ్యాక్టరీ కమిషన్ వేసింది. బొంబాయి కార్మికుల తరఫున లోఖండేను దానితో జత చేశారు. బెంగాలీ కూడా ఆ కమిషన్‌లో ఉన్నాడు. దాని ఫలితంగా 1891లో చట్టాన్ని సవరించారు. పిల్లల కనీస వయసు తొమ్మిదికి పెరిగింది. తొమ్మిది నుంచి 14 ఏళ్ల వాళ్లకు రోజుకు 7 గంటలే పని. ఆడవాళ్లకు 11 గంటలు, మధ్యలో గంటన్నర విశ్రాంతి. అందరికీ మధ్యాహ్నం అరగంట ఆపు, వారానికి ఒక సెలవు. 50 మంది ఉన్న ఫ్యాక్టరీలకు కూడా చట్టం వర్తించింది.

1884 అర్జీలోని ఐదు కోరికల్లో రెండు చట్టమయ్యాయి. మిగతా మూడు మిగిలిపోయాయి. మగవాళ్ల పని గంటలకు హద్దు పెట్టలేదు. కరెంటు దీపాలు వచ్చాక అవి ఇంకా పెరిగాయి కూడా. బట్టల మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటల హద్దు 1911 చట్టంతో గానీ రాలేదు. దెబ్బ తగిలిన కూలీకి నష్టపరిహారం 1923 దాకా, జీతం వేళకు ఇవ్వాలన్న చట్టం 1936 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి లోఖండే పోయి చాలా కాలమైంది.

మిల్లు గేటు బయట కూడా ఆయన ఊరుకోలేదు. ఆ కాలంలో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీలకు గుండు గీయించే ఆచారం ఉండేది. 1890లోనే లోఖండే బొంబాయి మంగలివాళ్లను కూడగట్టి ఆ పని చేయబోమని వాళ్ల చేత తీర్మానం చేయించాడు. కత్తి పట్టే చెయ్యే వద్దంటే ఆ ఆచారం సాగదు కదా. పని చేసేవాడి చేతిలో ఉన్న బలం ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

1893: మిల్లు పేటల్లో మంటలు

మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన ఘట్టం ఇది. 1893 మొహర్రం రోజుల్లో కాఠియావాడ్‌లోని ప్రభాస్ పాటణ్‌లో హిందూ ముస్లింల మధ్య గొడవ జరిగింది. ఆ వార్తలు, వాటికి తోడు పుకార్లు బొంబాయికి చేరాయి. గోరక్షణ ప్రచారంతో అప్పటికే వాతావరణం వేడిగా ఉంది. ఆగస్టు 11, శుక్రవారం, జుమా నమాజు తర్వాత నగరంలో అల్లర్లు మొదలయ్యాయి. రోజుల తరబడి ఆగలేదు. సైన్యాన్ని దించారు. 80 మంది వరకు చనిపోయారు. మసీదులు, మందిరాలు రెండూ దాడికి గురయ్యాయి. మిల్లులు మూతపడ్డాయి, వేలమంది ఊరు వదిలి పోయారు.

లోఖండేకు ఇది రెండు రకాల దెబ్బ. ఒకటి, చచ్చింది పేదవాళ్లు. రెండు, కొట్టుకున్నవాళ్లలో మిల్లు కూలీలూ ఉన్నారు. మూడేళ్ల కిందట మహాలక్ష్మి మైదానంలో ఒకే కోరిక కోసం కూడిన పేటలు ఇప్పుడు మతం పేరుతో ఎదురెదురు నిలబడ్డాయి. పక్కపక్క యంత్రాల మీద పనిచేసేవాళ్లు ఒకరికొకరు శత్రువులైతే సేఠు ముందు అర్జీ పట్టుకుని నిలబడేదెవరు?

ఆయన వీధుల్లోకి వెళ్లాడు. కూలీల పేటల్లో తిరిగి నచ్చజెప్పాడు. అల్లర్లు చల్లారాక రాణీబాగ్‌లో రెండు వర్గాల వాళ్లను పిలిచి సఖ్యత సభ పెట్టాడు. వేలమంది వచ్చారు. పాత లెక్కలు తవ్వుకోవడం కాదు, రేపటి నుంచి మళ్లీ ఒకే గేటు గుండా పనిలోకి పోవాలన్నదే ఆ సభ ఉద్దేశం. ఈ సేవకు గుర్తింపుగా ప్రభుత్వం తర్వాత ఆయనకు రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. జస్టిస్ ఆఫ్ ది పీస్ హోదా కూడా దక్కింది. బిరుదు తీసుకున్నాడని ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఉండొచ్చు. కానీ అల్లర్లప్పుడు తన వర్గం వైపు దూకడం తేలిక, రెండు వర్గాల మధ్య నిలబడటం కష్టం. ఆయన కష్టమైన పనే చేశాడు.

ప్లేగు రోజులు

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. మొదట రేవు పక్కనున్న మాండ్వీలో బయటపడింది. లోఖండే ఒకప్పుడు ఉద్యోగం చేసిన పేటే అది. ఇరుకు గదుల్లో పదేసి మంది ఉండే కూలీల ఇళ్లలో జబ్బు మంటలా పాకింది. డబ్బున్నవాళ్లు నగరం వదిలి వెళ్లారు. కూలీలు కూడా గుంపులుగా ఊళ్లకు పారిపోయారు. ప్రభుత్వ ఆసుపత్రి పేరు చెబితేనే జనం భయపడేవాళ్లు. లోఖండే నగరం వదల్లేదు. రోగుల కోసం ఆసుపత్రి ఏర్పాటులో, పేటల్లో సాయం చేయడంలో మునిగిపోయాడు. ఆ జబ్బే ఆయనకూ అంటింది. 1897 ఫిబ్రవరి 9న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. దాదాపు నెల తర్వాత, మార్చి 10న, పుణెలో రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫులే కూడా ప్లేగుతోనే చనిపోయింది. జ్యోతిరావు 1890 నవంబరులోనే పోయాడు. ఒక తరం అలా ముగిసింది.

ఆయన వదిలి వెళ్లింది

లోఖండే సంఘం ఇవాళ్టి లెక్కలో యూనియన్ కాదని చరిత్రకారులు చెబుతారు. దానికి సభ్యుల జాబితా లేదు, నెల చందా లేదు, రాసిపెట్టిన నిబంధనలు లేవు. సమ్మె ఆయన ఆయుధం కాదు, అర్జీయే ఆయుధం. ఆయన పోయాక సంఘం కూడా నిలబడలేదు. ఈ మాటలన్నీ నిజమే. చందాలు కట్టించుకుని, సభ్యత్వాలు రాసుకుని, పక్కాగా నడిచే యూనియన్ మన దేశంలో 1918లో మద్రాసు లేబర్ యూనియన్‌తో వచ్చింది. పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కూలీల మధ్య అది పుట్టింది. 1920లో ఏఐటీయూసీ, 1926లో ట్రేడ్ యూనియన్ చట్టం వచ్చాయి. మన హైదరాబాదులో కవి మఖ్దూం మొహియుద్దీన్ 1940లలో మజ్దూర్లను సంఘాలుగా కట్టాడు. ఆ దారిలో చాలా వెనక, ఎవరూ నడవని చోట మొదటి అడుగులు వేసినవాళ్లలో లోఖండే ఒకడు. 2005లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ముంబయి పరేల్‌లో కార్మిక చదువుల సంస్థ ఆయన పేరుతో ఉంది.

అయితే ఆయన జీవితం నుంచి తెలుసుకోవాల్సింది స్టాంపుతో అయిపోదు. 1881 చట్టం తలలు లెక్కపెట్టింది. వంద మంది ఉంటే రక్షణ, తొంభై తొమ్మిది మంది ఉంటే లేదు. 1891లో ఆ లెక్క యాభైకి దిగింది. స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీ చట్టం కరెంటు ఉన్నచోట పది మందికి, లేనిచోట ఇరవై మందికి దించింది. వారానికి 48 గంటల పని, ఒక రోజు సెలవు అని రాసింది. చట్టం మెరుగైంది, కానీ తలల లెక్క మాత్రం పోలేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లి, పాతబస్తీలో ఇరుకు గదిలో గాజులకు రాళ్లు అతికించే పిల్ల, నలుగురైదుగురితో నడిచే వెల్డింగ్ షెడ్డులో పనిచేసే కుర్రాడు ఆ లెక్కలోకి రారు. వాళ్లకు ఆదివారమూ లేదు, శుక్రవారమూ లేదు. పని ఉంటే రోజు, లేకపోతే పస్తు.

1884లో లోఖండే అడిగిన ఐదు కోరికలను ఇవాళ ఈ ఇళ్ల ముందు పెట్టి చూస్తే ఎన్ని తీరాయో ఎవరికి వాళ్లే లెక్క వేసుకోవచ్చు. జీతం వేళకు వస్తోందా? మధ్యాహ్నం అరగంట ఉందా? వారంలో ఒక రోజు తనదా? చేయి తెగితే చూసేవాళ్లున్నారా? నూట నలభై ఏళ్ల కిందటి అర్జీ అది. పని ఇచ్చేవాడు పరాయివాడైనా, మన సొంత మనిషే అయినా, ఈ ప్రశ్నలు మాత్రం మారవు.